అల్ట్రా పరుగులో మనోబలం: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో నా దగ్గర శిక్షణకు వచ్చేవాళ్లలో చాలామంది మారథాన్ పూర్తి చేసినవాళ్లే. ఆ 42.195 కిలోమీటర్లు దాటి 50, 100, 161 కిలోమీటర్ల అల్ట్రాల వైపు చూస్తుంటారు. కాళ్ల గురించి వాళ్లకు పెద్దగా అనుమానాలుండవు. "అన్నా, అంతసేపు మనసు నిలబడుతుందా?" అన్నదే వాళ్ల టెన్షన్. మనసు గురించి ప్రచారంలో ఉన్న నమ్మకాల్లో కొన్ని పరుగును పాడుచేస్తే, కొన్ని ఆసుపత్రి దాకా తీసుకెళ్తాయి.

అపోహ: మనోబలం పుట్టుకతో రావాలి.

కాదు, అది నేర్చుకుంటే వస్తుంది. 2014లో వెలువడిన ఒక బ్రిటన్ అధ్యయనంలో 24 మందిని ఒంట్లో శక్తి అయిపోయేదాకా సైకిల్ తొక్కమన్నారు. తర్వాత కొందరికి, కష్టసమయంలో తమకు తాము ఏం చెప్పుకోవాలో రెండు వారాలు నేర్పారు. మళ్లీ తొక్కినప్పుడు వాళ్లు సుమారు 18 శాతం ఎక్కువసేపు తొక్కగలిగారు.

అలిపిరి నడకదారిలో, మోకాళ్ల పర్వతం దగ్గర కాసేపు నిలబడి చూడండి. వయసు మళ్లినవాళ్లు "గోవిందా" అంటూ ఒక్కో మెట్టూ ఎక్కుతుంటారు. వాళ్ల భక్తిని టెక్నిక్ అని తక్కువ చేయను. కానీ ఒక మాట అడుగుతో, ఊపిరితో కలిసిపోతే అలసట మీద ధ్యాస ఎంత తగ్గుతుందో అక్కడ కళ్లారా కనిపిస్తుంది. మీ మాట ఏదో ముందే ఎంచుకోండి. "నేను గెలుస్తా" లాంటిది 80వ కిలోమీటర్ దగ్గర నిలవదు. "ఈ ఎత్తు నడిచి ఎక్కుతా, పైన నీళ్లు తాగుతా" అన్నది నిలుస్తుంది.

అపోహ: మనసు విరిగిపోయింది, అందుకే ఆగిపోయాను.

ఈ మాట విన్న ప్రతిసారీ నేను అడిగే మొదటి ప్రశ్న: "చివరగా ఎప్పుడు తిన్నారు?" రక్తంలో చక్కెర తగ్గినప్పుడు ముందు కనిపించేది కాళ్ల నొప్పి కాకపోవచ్చు. క్రూ (దారిలో మనకు సాయం చేసే బృందం) మీద విసుగు, కారణం లేని ఏడుపు, "నాకెందుకీ పరుగు" అన్న నిరాశ కూడా అలాగే మొదలవుతాయి. రన్నర్ దాన్ని తన బలహీనత అనుకుంటాడు. నిజానికి కడుపు ఖాళీ.

గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు లోపలికి వెళ్లాలి. అలవాటు చేసుకున్నవాళ్లు 90 గ్రాముల దాకా తీసుకుంటారు. ఒక మోస్తరు అరటిపండు, పాతిక గ్రాముల బెల్లం ముక్క కలిస్తే సుమారు 50 గ్రాములు. ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళదుంప కూడా బాగా పనికొస్తుంది. మన ఎండలో చిక్కేమిటంటే, ఒళ్లు చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, కడుపుకు తగ్గుతుంది, తిండి సహించదు. అందుకే ఆకలి వేసేదాకా ఆగకుండా, మొదటి గంట నుంచే కొంచెం కొంచెంగా తినాలి.

మింగడం కష్టమైనప్పుడు కూడా దారి ఉంది. 2004లో వచ్చిన ఒక ప్రయోగంలో సైక్లిస్టులు పిండిపదార్థం కలిపిన నీళ్లు పుక్కిలించి ఉమ్మేశారు, మింగలేదు. అయినా గంటసేపటి పరీక్షలో సుమారు 3 శాతం మెరుగయ్యారు. నోట్లో పడగానే మెదడుకు కబురు అందుతుందన్నమాట. కాబట్టి "ఇక ఆపేద్దాం" అనిపిస్తే ముందు ఏదైనా తినండి, తాగండి, ఇరవై నిమిషాలు నడవండి. నిర్ణయం ఆ తర్వాతే.

అపోహ: ఆఫీసు అలసట మెదడుకు, పరుగు కాళ్లకు.

2009లో వచ్చిన మరో అధ్యయనంలో కొందరితో తొంభై నిమిషాలు బుర్రకు పనిపెట్టే కంప్యూటర్ పని చేయించి, తర్వాత సైకిల్ ఎక్కించారు. గుండె, కండరాలు ఎప్పటిలాగే ఉన్నా త్వరగా ఆగిపోయారు. అదే శ్రమ వాళ్లకు ఎక్కువ కష్టంగా తోచింది. నెలాఖరు లెక్కలతో సతమతమయ్యే వారంలో పొడవాటి పరుగు పెట్టుకోవద్దని నేను చెప్పేది ఇందుకే.

అపోహ: నడిస్తే ఓడిపోయినట్టే.

ఎత్తు వస్తే ప్రపంచస్థాయి అల్ట్రా రన్నర్లూ నడుస్తారు.

అపోహ: మొత్తం దూరాన్ని మనసులో నింపుకోవాలి.

గ్రీస్‌లో జరిగే స్పార్టాథ్లాన్ 246 కిలోమీటర్లు, గడువు 36 గంటలు. దారిలో 75 చెక్‌పాయింట్లున్నాయి. 246 గురించి ఆలోచించేకన్నా తర్వాతి చెక్‌పాయింట్ గురించి ఆలోచించడం తేలిక. అలిపిరిలో సుమారు 3,550 మెట్లున్నా, ఎక్కేవాళ్లు ముందు గాలిగోపురం గురించే అడుగుతారు.

అపోహ: నిద్ర మానేసి సాధన చేస్తే అలవాటవుతుంది.

నిద్రలేమిని శరీరం అలవాటు చేసుకోదు. పోటీకి ముందు వారం బాగా నిద్రపోవడమే మేలు. పోటీలో రెండో రాత్రి చెట్లు మనుషుల్లా కనిపిస్తే భయపడకండి, పది పదిహేను నిమిషాల కునుకు తీయండి. రాత్రి సాధన కోసం మాత్రం శేషాచలం అడవి అంచులకు వెళ్లొద్దు. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైంది. ఊళ్లో లైట్లున్న రోడ్లు చాలు.

అపోహ: ఎంత నొప్పినైనా ఓర్చుకునేవాడే గట్టివాడు.

అన్నిటికన్నా నాకు భయం కలిగించే నమ్మకం ఇది. తొడలు మండటం వేరు, మూత్రం ముదురు గోధుమ రంగులో రావడం వేరు. రెండోది కండరాలు దెబ్బతిని మూత్రపిండాలకు ముప్పు వస్తోందన్న సూచన. ఆ స్థితిలో ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్ర వేసుకుంటే ముప్పు ఇంకా పెరుగుతుంది. ఎండదెబ్బలో చెమట ఆగిపోతుందనుకుంటారు, కానీ పరుగులో తగిలే ఎండదెబ్బలో చెమట కారుతూనే ఉండొచ్చు. మాట తడబడటం, తూలడం, సంబంధం లేని జవాబులు చెప్పడం కనిపిస్తే వెంటనే ఆపి ఒళ్లు చల్లబరచాలి, వైద్యులను పిలవాలి. దాహానికి మించి నీళ్లు తాగినా రక్తంలో సోడియం పడిపోయి ఇలాంటి అయోమయమే వస్తుంది. అప్పుడు ఇంకా నీళ్లు తాగించడం ప్రాణాంతకం.

ఈ స్థితిలో ఉన్నవాళ్లు తమ పరిస్థితి తామే తెలుసుకోలేరు. అందుకని నా రన్నర్లు ఏయే లక్షణాలు కనిపిస్తే ఆపేయాలో పోటీకి ముందురోజే కాగితం మీద రాసి, సంతకం పెట్టి క్రూలో ఒకరి చేతికి ఇస్తారు. దారిలో ఎంత బతిమాలినా, ఎంత కోప్పడినా ఆ కాగితంలో ఉన్నదే చెల్లుతుంది.