టాస్మేనియా కెల్ప్ అడవులు: ల్యాబ్‌లో నారు పోసే దాకా ఎందుకొచ్చింది?

ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపం తూర్పు తీరంలో, ఒకప్పుడు నీటి అడుగున అడవులు ఉండేవి. జెయింట్ కెల్ప్ అనే గోధుమరంగు నాచు రాళ్లను పట్టుకుని 30 మీటర్ల ఎత్తుకు కూడా లేస్తుంది. నీళ్లు చల్లగా ఉండి పోషకాలు బాగా అందితే రోజుకు అర మీటరు దాకా పెరుగుతుంది. ఇప్పుడు ఆ అడవుల్లో సుమారు 95 శాతం లేవు.

1960ల్లో ఇవి ఎంత దట్టంగా ఉండేవంటే, ట్రయబన్నా అనే ఊళ్లో కెల్ప్ కోసి ఆల్జినేట్ తీసే ఫ్యాక్టరీయే పెట్టారు. ఐస్‌క్రీమ్ చిక్కగా ఉండటానికి కలిపేది ఆ పదార్థాన్నే. 1970ల్లో అది మూతపడింది. అడవి పోవడానికి ఆ కోతే కారణమని అనిపిస్తుంది గానీ, పైభాగం కోసినంత మాత్రాన కెల్ప్ చావదు.

అసలు దెబ్బ నీళ్లు మారడం వల్ల తగిలింది. ఉత్తరం నుంచి వచ్చే తూర్పు ఆస్ట్రేలియా ప్రవాహం ఏళ్లు గడిచేకొద్దీ మరింత దక్షిణానికి చొచ్చుకొచ్చింది. ఆ నీళ్లు వెచ్చన, పైగా వాటిలో కెల్ప్‌కు కావాల్సిన పోషకం నైట్రేట్ తక్కువ. కెల్ప్‌కు వేడీ, ఆకలీ ఒకేసారి వచ్చిపడ్డాయి. మరియా ద్వీపం దగ్గర 1944 నుంచి తీస్తున్న ఉష్ణోగ్రత లెక్కలే దీనికి సాక్ష్యం.

ప్రవాహం మరో శత్రువునూ మోసుకొచ్చింది. నాచును మేసే, పొడవాటి ముళ్లున్న సీ అర్చిన్ అనే గుండ్రటి సముద్రజీవి 1978లో టాస్మేనియా తూర్పు తీరంలో కనిపించింది. దీని పిల్లలు బతకాలంటే నీళ్లు దాదాపు 12 డిగ్రీలకు తగ్గకూడదు. అంతకుముందు ఇక్కడి చలికాలమే వాటికి అడ్డుగోడ. పెద్ద అర్చిన్లను తినగలిగేవి పెద్ద రాక్ లాబ్‌స్టర్లు. వాటిని మనుషులు అప్పటికే బాగా పట్టేశారు. అర్చిన్లు పెరిగిన చోట నాచు మొత్తం పోయి బోడి రాళ్లు మిగిలాయి.

2012లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఈ అడవులను అంతరించే ప్రమాదమున్న జీవ సముదాయంగా ప్రకటించింది. మూడేళ్లకే, 2015-16లో, టాస్మన్ సముద్రంలో 251 రోజులు సాగిన జలతాపం వచ్చింది, అంటే నేల మీద వడగాలుల్లాగా సముద్రపు నీళ్లు మామూలు కంటే బాగా వేడెక్కాయి. చట్టంలో పేరు చేర్చితే నీళ్లు చల్లబడవు కదా!

ఇక్కడే ల్యాబ్ అవసరం వచ్చింది. కెల్ప్ జీవితంలో కంటికి కనిపించని ఆడ, మగ దశ ఒకటి ఉంటుందని ఫ్రెంచ్ శాస్త్రవేత్త కమిల్ సోవజో 1915లో చూపించాడు. ఆ సూక్ష్మ దశను ఎర్రటి కాంతిలో ఉంచితే, పునరుత్పత్తికి దిగకుండా ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. అంటే విత్తనాల బ్యాంకు కట్టుకోవచ్చు. టాస్మేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు బతికి మిగిలిన మొక్కల నుంచి బీజాలు సేకరించి, వేడిని బాగా తట్టుకునే వంశాలను ఏరారు. వాటి నారును దారం మీద పెంచి, 2020 నుంచి సముద్రపు రాళ్ల మీద నాటుతున్నారు.

నాటినవన్నీ బతకవు. అర్చిన్లు తిరిగే చోట ముందు వాటిని ఏరకపోతే నాటిన మొక్క వాటికి మేతే. అందుకే అక్కడి ప్రభుత్వం అర్చిన్లు పట్టే డైవర్లకు సబ్సిడీ ఇస్తోంది. నా దృష్టిలో నారు పోయడం కంటే కష్టమైన పని అదే. ఇంకోటి, నాటుతున్నది పాత అడవిని కాదు, వేడికి ఓర్చుకునే కొద్దిపాటి మొక్కల సంతానాన్ని. ప్రవాహం ఇంకా వేడెక్కితే ఈ వంశాలూ చాలకపోవచ్చు.