రొయ్య మారింది, కాల్వ మారలేదు

భీమవరం, గణపవరం, కైకలూరు వైపు రొయ్యల రైతులను కదిలిస్తే ఇప్పుడు ఎక్కువగా వినిపించేది రొయ్య చచ్చిపోవడం గురించి కాదు, రొయ్య ఎదగకపోవడం గురించి. మేత తింటోంది. మేత తిన్నదో లేదో చూసే చెక్ ట్రేలో చురుగ్గానే కనిపిస్తోంది. కానీ మూడు నెలలు దాటినా వంద కౌంట్ దగ్గరే, అంటే కిలోకు వంద తూగే చిన్న సైజు దగ్గరే ఆగిపోతోంది. సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది కాబట్టి, ఎదగని రొయ్యకు మేత వేయడమంటే రోజూ కొంచెం అప్పు పెంచుకోవడమే. దీని వెనుక ఉన్న ముఖ్య కారణాల్లో ఒకటి ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పరిశోధన సంస్థ, రైతులందరూ సీబా అని పిలిచేది, ఈ ఒక్క జబ్బు వల్లే దేశంలో రొయ్యల సాగుకు ఏటా దాదాపు 4 వేల కోట్ల రూపాయల నష్టం జరుగుతోందని అంచనా వేసింది.

ఈహెచ్‌పీ పేరు మన రైతులకు తెలిసి పదేళ్లు దాటింది. దానికి దారి పడింది మాత్రం అంతకంటే చాలా ముందు. ఆ దారి ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే, 30 ఏళ్లుగా మనం ఏది మార్చామో, ఏది మార్చలేదో అర్థమవుతుంది.

రొయ్యను మనిషి చేతుల్లో గుడ్లు పెట్టించిన మొదటి వ్యక్తి జపాన్ శాస్త్రవేత్త మొటోసాకు ఫుజినాగా. 1930లలో ఆయన కురుమా రొయ్య మీద చేసిన ప్రయోగాలతోనే హేచరీ అనే మాటకు అర్థం వచ్చింది. ఆ విద్యను తైవాన్ అందిపుచ్చుకుంది. టైగర్ రొయ్యను చిక్కగా వేసి, నీటికి గాలి అందించే ఏరేటర్లు పెట్టి, కంపెనీ మేత వేసి పెంచడం అక్కడే పెద్ద ఎత్తున మొదలైంది. 1987 నాటికి తైవాన్ ప్రపంచ రొయ్యల మార్కెట్‌ను ఏలుతోంది. మరుసటి ఏడాదే ఆ సాగు కుప్పకూలింది. పాడైన చెరువు అడుగు, వాడి వదిలేసిన నీళ్లనే మళ్లీ తోడుకోవడం, వైరస్, అన్నీ కలిసి దెబ్బకొట్టాయి. ఆ కూలిన పద్ధతే ఆ తర్వాత కొద్ది ఏళ్లలో మన తీరానికి వచ్చింది. తైవాన్‌లో ఏం జరిగిందో అప్పటికే ప్రపంచానికి తెలుసు. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఇదే.

మన దగ్గర 1980ల చివర్లో విశాఖ దగ్గర మంగమారిపేటలో ప్రభుత్వ రంగంలో రొయ్య పిల్లల ఉత్పత్తి కేంద్రం వచ్చింది. అంతకు ముందు సీడ్, అంటే రొయ్య పిల్లలు, ఏర్లలో, ఉప్పుకయ్యల్లో వలలు వేసి పట్టుకున్నదే. హేచరీలు రావడంతో నెల్లూరు నుంచి గోదావరి జిల్లాల దాకా టైగర్ జ్వరం పట్టుకుంది. వరి చేలు చెరువులయ్యాయి. ఎకరం కౌలు ఎక్కడికో పోయింది. నాలుగు నెలల్లో వరి పదేళ్లకు ఇవ్వలేని డబ్బు వస్తుందని విన్నవాళ్లు బంగారం తాకట్టు పెట్టి మరీ దిగారు. అది దురాశ అని ఇప్పుడు తేలిగ్గా అనేస్తారు. చౌడు నేలలో గింజ పండని రైతుకు మొదటిసారి నాలుగు రూపాయలు కనిపించిన కాలం కూడా అదే.

1994–95లో తెల్లమచ్చ అనే వైరస్ జబ్బు వచ్చింది.

రొయ్య పెంకు లోపల తెల్లటి చుక్కలు. మేత మానేసి గట్టు అంచుకు చేరడం. మూడు నుంచి పది రోజుల్లో చెరువు మొత్తం ఖాళీ. ఆ వైరస్ 1990ల మొదట్లో చైనా, తైవాన్‌లలో కనిపించింది. 1993లో చైనా నుంచి తెచ్చిన రొయ్య పిల్లలతో జపాన్ చేరింది. కొద్ది ఏళ్లలోనే ఆసియా అంతా పాకింది. జన్యుపటం 2001లో తేలింది. సుమారు 3 లక్షల అక్షరాల పొడవున్న డీఎన్‌ఏ ఉన్న ఈ వైరస్, అప్పటిదాకా తెలిసిన ఏ కుటుంబానికీ చెందలేదు. దానికోసం కొత్త కుటుంబమే పెట్టాల్సి వచ్చింది.

రైతుకు జన్యుపటం కంటే మూడు సంగతులు ముఖ్యం. ఒకటి, ఇది రొయ్యతో ఆగదు. పీతల్లో, అడవి రొయ్యల్లో, కాల్వలోని చిన్నా చితకా పెంకు జీవుల్లో బతుకుతుంది, చాలాసార్లు వాటిని చంపకుండానే. రెండు, రొయ్యకు మనలాగా యాంటీబాడీలు తయారుచేసే శక్తి లేదు కాబట్టి, మనుషులకూ పశువులకూ వేసే తరహా టీకా దీనికి పనిచేయదు. మూడు, నీటి వేడి తగ్గితే ఇది విజృంభిస్తుంది. 32, 33 డిగ్రీల వేడిలో వైరస్ పెరుగుదల మందగిస్తుందని ల్యాబుల్లో రుజువైంది. చలికాలం పంట అంటే రైతులకు టెన్షన్ ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది.

వైరస్ చెరువులోకి వచ్చిన దారులు ప్రధానంగా రెండు. మొదటిది తల్లి రొయ్య. టైగర్ తల్లులను సముద్రంలో ట్రాలర్లు పట్టి తెచ్చేవి. విశాఖ, కాకినాడ రేవుల్లో ఒక్కో తల్లిని వేలం వేసేవారు. ఆ తల్లుల్లో కొన్ని వైరస్‌ను మోస్తుండేవి. ఒక్క తల్లి నుంచి లక్షల పిల్లలు, ఆ పిల్లల నుంచి ఎన్నో చెరువులు. రెండో దారి నీళ్లు. నెల్లూరు జిల్లా కండలేరు ఉప్పుటేరు వెంట వందల ఎకరాల చెరువులు ఒకే ఏటి నుంచి నీళ్లు తోడి, వాడిన నీళ్లను అదే ఏట్లోకి వదిలేవి. ఎగువ రైతు చెరువులో జబ్బు కనిపించగానే భయంతో తూము ఎత్తేసేవాడు. ఆ నీళ్లు గంటల్లో దిగువ రైతు మోటారు దగ్గరకు చేరేవి. ఇద్దరూ చెడ్డవాళ్లు కాదు. ఇద్దరికీ ఉన్నది ఒకటే కాల్వ.

ఆ నష్టాల మధ్యలోనే రొయ్యల చెరువుల కాలుష్యం మీద కేసు సుప్రీంకోర్టుకు చేరింది. తమిళనాడుకు చెందిన గాంధేయవాది జగన్నాథన్ వేసిన పిటిషన్ మీద 1996 డిసెంబర్ 11న తీర్పు వచ్చింది. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి నివేదికలు చూసిన కోర్టు, తీర నియంత్రణ మండలిలోని ఆధునిక రొయ్యల చెరువులను తొలగించమంది. పులికాట్, చిలికా సరస్సుల నుంచి వెయ్యి మీటర్ల లోపు కొత్త చెరువులు వద్దంది. పంట భూములను చెరువులు చేయకూడదంది. కాలుష్యం చేసినవాళ్లే నష్టం కట్టాలంది. ఆ తర్వాత రివ్యూ పిటిషన్లు పడ్డాయి, అమలు నిలిచింది. 2005లో పార్లమెంటు చేసిన కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం సాగుకు చట్టబద్ధమైన నీడ ఇచ్చింది. తీర్పులో ఉపాధి గురించిన ఆలోచన తక్కువని విమర్శించినవాళ్లున్నారు. అది కొంత నిజం. అయినా చెరువుల నుంచి బయటికి పోయే నీళ్లను దేశం మొదటిసారి సీరియస్‌గా చూసింది ఆ తీర్పులోనే.

ఇక్కడ చాలామందికి గుర్తులేని ఒక అధ్యాయం ఉంది. 2000 నుంచి సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ ఎంపెడా, ఆసియా దేశాల ఆక్వా సంస్థల కూటమి నాకా కలిసి ఆంధ్రలో 365 చెరువులను సీడ్ వేసిన రోజు నుంచి పట్టుబడి దాకా వెంటబడి గమనించాయి. ఏ చెరువులో తెల్లమచ్చ వచ్చింది, ఏ చెరువులో రాలేదు, ఎందుకు రాలేదు అని. తేలినవి ఆడంబరమైన సంగతులేమీ కాదు. అడుగున పేరుకున్న నల్లమట్టి తీయడం, నీళ్లు వడకట్టి పెట్టుకోవడం, పీసీఆర్ టెస్ట్ చేయించిన సీడే వేయడం, చుట్టుపక్కల రైతులంతా ఒకేసారి పిల్లలు వేయడం, జబ్బు వస్తే నీళ్లు వదలకుండా పక్కవాళ్లకు చెప్పడం.

2002లో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో ఐదుగురు రైతులు, పది చెరువులతో దీన్ని ఆచరణలో పెట్టారు. మరుసటి ఏడాదికే మరింతమంది చేరారు. వీటినే ఆక్వా క్లబ్బులన్నారు. క్లబ్బు సభ్యులు హేచరీతో ముందే మాట్లాడుకుని సీడ్ కలిసి కొనేవారు, నీళ్లు పెట్టే రోజులు కలిసి నిర్ణయించుకునేవారు. జబ్బులు తగ్గాయి, ఖర్చూ తగ్గింది. ఆ అనుభవం నుంచే 2007లో చిన్న రైతుల కోసం నాక్సా అనే సంస్థ పుట్టింది. ఖరీదైన మందు లేకుండా, కొత్త రకం రొయ్య లేకుండా, కేవలం మాట కలుపుకుని జబ్బును తగ్గించిన ప్రయత్నం ఇది. మన రొయ్యల చరిత్రలో నేను అన్నిటికంటే గౌరవించేది ఈ పనినే.

కానీ అది ఊరూరా పాకేలోపే టైగర్ ఓడిపోయింది. 2006–07లో లక్షన్నర టన్నులకు దగ్గరగా ఉన్న సాగు ఉత్పత్తి రెండేళ్లలో సుమారు సగానికి పడిపోయింది. ఈ మధ్యలో వైరస్‌కు పనిచేయని యాంటీబయాటిక్స్‌ను కూడా భయంతో వేసిన చెరువులున్నాయి. 2002లో యూరప్ మన రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు పట్టుకుంది. ఆ అనుమానం ఇంకా పోలేదు. 2016లో మన సరుకులో పరీక్షించే వాటాను యూరప్ 10 నుంచి 50 శాతానికి పెంచింది.

2009లో వనామీ అనే విదేశీ రొయ్యకు గేట్లు తెరిచారు. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం దీని సొంత ఊరు. హవాయి లాంటి చోట్ల తరతరాలుగా జబ్బులు లేకుండా పెంచిన తల్లులను విమానాల్లో తెప్పించి, చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్‌లో ఉంచి, ఆ తర్వాతే హేచరీలకు ఇస్తారు. ట్రాలర్ తెచ్చిన తల్లి అనే మొదటి దారి దీంతో చాలావరకు మూసుకుపోయింది. ఇది చిన్న విజయం కాదు. వనామీ నీటి మధ్యలో కూడా తిరుగుతుంది కాబట్టి చదరపు మీటరుకు 60 పిల్లల దాకా వేయడానికి అనుమతి ఉంది. ఉప్పు తక్కువ ఉన్న నీళ్లలోనూ బతుకుతుంది. అందుకే సాగు తీరం నుంచి లోపలికి, బోరు నీళ్ల మీదికి, వరి ఆయకట్టులోకి నడిచింది. పక్క చేను ఉప్పెక్కిందన్న తగువులు ఆ ప్రాంతాల్లో మొదలైంది అప్పుడే. ఏటా 7 లక్షల టన్నులకు పైగా రొయ్యలు ఎగుమతి చేసే దేశంగా మనం మారింది ఈ రొయ్యతోనే.

అయితే జబ్బు లేని తల్లికి పుట్టిన పిల్ల, వైరస్ ఉన్న నీళ్లలో పడితే మామూలు పిల్లలాగే చస్తుంది. నీళ్లు అనే రెండో దారి తెరిచే ఉంది. వాడిన నీళ్లను కనీసం రెండు రోజులు విడి చెరువులో నిలపాలని, జబ్బు వస్తే వల వేసి మాత్రమే పట్టుబడి చేసి నీళ్లను క్లోరిన్‌తో శుద్ధి చేసి వదలాలని వనామీ నిబంధనల్లో రాసి ఉంది. రెండెకరాల కౌలు రైతు అందులో అరెకరం విడి చెరువుకు ఎక్కడ వదులుతాడు? గొంతేరు, యనమదుర్రు లాంటి డ్రెయిన్ల మీద ఆధారపడిన చోట ఇది ఒక్కో రైతు తీర్చగల సమస్య కాదు. నీళ్లు వచ్చే కాల్వ వేరు, పోయే కాల్వ వేరు చేయాల్సింది ప్రభుత్వమే. 2023లో 2005 చట్టాన్ని సవరించి జైలు శిక్షలు తీసేసి జరిమానాలు పెట్టారు, హేచరీలను కూడా చట్టం కిందకు స్పష్టంగా తెచ్చారు. కాల్వలకు డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న అలాగే ఉంది.

వనామీ వచ్చిన కొద్ది ఏళ్లకే ఆసియాలో మరో దెబ్బ పడింది. చైనా, వియత్నాం, థాయ్‌లాండ్‌లలో పిల్లలు వేసిన నెల రోజుల్లోపే చచ్చిపోయేవి. 2013లో అరిజోనా విశ్వవిద్యాలయంలోని డొనాల్డ్ లైట్నర్ బృందం కారణం పట్టుకుంది. అది కొత్త క్రిమి కాదు. మామూలు విబ్రియో బ్యాక్టీరియాలోకి విషాన్ని తయారుచేసే ఒక డీఎన్‌ఏ ముక్క చేరింది. ఆ ముక్క ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి దాటగలదు. జబ్బును మోసే జీవి పేరు తెలిస్తే చాలదని, దాని లోపల ఏముందో చూడాలని అప్పటి నుంచి ల్యాబుల తీరు మారింది.

ఈహెచ్‌పీ తీరు వేరు. ఇది మైక్రోస్పోరిడియా అనే, శిలీంధ్రాలకు దగ్గరి బంధువైన వర్గం. రొయ్య తిన్నది అరిగించే కాలేయం లాంటి అవయవంలో చేరి, కణాల్లోని శక్తిని లాక్కుంటుంది. అందుకే రొయ్య తింటుంది, పెరగదు. దీని బీజాలు మందమైన గోడతో ఉంటాయి. అవి రెట్టతో బయటికి వస్తాయి, మట్టిలో దాక్కుంటాయి, తర్వాతి పంటకు అంటుకుంటాయి. మధ్యలో మరో జీవి అవసరం లేకుండానే రొయ్య నుంచి రొయ్యకు పాకుతుంది. హేచరీల్లో తల్లి రొయ్యలకు బలానికి వేసే బతికున్న సముద్రపు పురుగుల ద్వారా కూడా వస్తుందని పరిశోధనల్లో తేలింది. విమానంలో వచ్చిన శుభ్రమైన తల్లికి, ఒడ్డున ఏరిన పురుగు ద్వారా జబ్బు అంటుకోవచ్చన్నమాట. చెరువు ఎండగట్టి హెక్టారుకు 6 టన్నుల దాకా కాల్చిన సున్నం దున్ని, మట్టి పీహెచ్ 12కు తెస్తే బీజాలు చస్తాయని నిపుణులు చెబుతారు. మూడు పంటలకు ఆశపడే చోట అలా ఎండగట్టడానికి వ్యవధి దొరకడం లేదు.

2013లో మొదలైన జాతీయ జలచర వ్యాధుల నిఘా కార్యక్రమం, 2023లో వచ్చిన రిపోర్ట్ ఫిష్ డిసీజ్ యాప్ మంచి అడుగులే. కాకపోతే జబ్బు ఉందని చెప్పిన రైతుకు సరుకు ధర పడిపోతుందన్న భయం ఉన్నంతకాలం యాప్‌లో నమోదయ్యేది తక్కువే ఉంటుంది. మొగల్తూరులో పక్కవాడికి చెప్పిన రైతుకు ఆ భయం లేదు, ఎందుకంటే అతను చెప్పింది తనతో పాటే సీడ్ కొన్నవాడికి.

ఇప్పుడు మళ్లీ రొయ్యను మార్చే మాటలు వినిపిస్తున్నాయి. సీబా మన సొంత తెల్లరొయ్య ఇండికస్ మీద జన్యు అభివృద్ధి పని చేస్తోంది. విదేశీ తల్లుల మీద ఆధారపడటం తగ్గించే ఆ ప్రయత్నానికి అండగా నిలవాలి. జబ్బులు లేని టైగర్ తల్లులూ వస్తున్నాయి, పాత రైతులు ఆశగా ఆ వైపు చూస్తున్నారు. వాళ్లు సీడ్ ఆర్డర్ ఇచ్చే ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈహెచ్‌పీని శాస్త్రవేత్తలు 2009లో మొట్టమొదట వర్ణించి పేరు పెట్టింది వనామీలో కాదు, థాయ్‌లాండ్‌లో ఎదుగుదల ఆగిపోయిన టైగర్ రొయ్యలో.