రక్షణ విధానంపై చట్టసభల నిఘా: ఖజానా తాళం దక్కింది, సమాచారం దక్కలేదు

ఏ దేశంలోనైనా రక్షణ శాఖను చట్టసభ నిలదీసినప్పుడు ఒక జవాబు తప్పక వస్తుంది: దేశ భద్రత దృష్ట్యా వివరాలు వెల్లడించలేం. కొన్నిసార్లు ఆ మాట అక్షరాలా నిజం. చాలాసార్లు అది వైఫల్యానికి వేసిన ముసుగు. ఏది నిజం, ఏది ముసుగు అని తేల్చుకునే శక్తి ప్రజాప్రతినిధులకు ఉండాలా వద్దా అన్న తగువు మూడు శతాబ్దాలకు పైగా సాగుతోంది.

మొదటి గెలుపు డబ్బు విషయంలో వచ్చింది. ఇంగ్లండ్ రాజు రెండో జేమ్స్ పార్లమెంటు సమ్మతి లేకుండానే శాంతికాలంలో సైన్యాన్ని పోషించాడు. ఆయన సింహాసనం కోల్పోయాక, 1689 నాటి హక్కుల చట్టం ఆ పనిని చట్టవిరుద్ధమని ప్రకటించింది. సైనిక క్రమశిక్షణకు ఆధారమైన తిరుగుబాటు చట్టాన్ని కూడా పార్లమెంటు తక్కువ గడువుతోనే ఇస్తూ వచ్చింది. దాన్ని పొడిగించాలంటే రాజు మళ్లీ సభను పిలవాల్సిందే. వందేళ్ల తర్వాత అమెరికా రాజ్యాంగ నిర్మాతలు అదే జాగ్రత్త తీసుకున్నారు: సైన్యానికి ఒక్కసారి ఇచ్చే నిధుల గడువు రెండేళ్లు మించకూడదు. ఆ నిబంధన నేటికీ ఉంది.

అయితే నిధులు మంజూరు చేసినంత మాత్రాన అవి ఎలా ఖర్చయ్యాయో తెలియదు. బ్రిటన్, దాని మిత్రదేశాలు రష్యాతో చేసిన క్రిమియా యుద్ధం ఈ లోటును బట్టబయలు చేసింది. 1854 నవంబరులో వచ్చిన తుపానుకు చలిదుస్తులు తెచ్చిన ఓడ బాలక్లావా రేవు దగ్గర మునిగిపోయింది. మిగిలిన సరుకు రేవులోనే పడి ఉంది. కొన్ని మైళ్ల దూరంలోని శిబిరానికి వెళ్లే దారంతా బురద. సైనికులకు వేయించని పచ్చి కాఫీ గింజలు పంచిపెట్టారు. వేయించుకోవడానికి వంటచెరకు లేదు. శత్రువు గుళ్లకన్నా రోగాలకే ఎక్కువమంది బలయ్యారు. ఇవేవీ మంత్రులు సభకు చెప్పిన సంగతులు కావు, విలేఖరులు యుద్ధభూమి నుంచి పత్రికలకు రాసి పంపినవి.

1855 జనవరిలో జాన్ రోబక్ అనే బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు విచారణ కమిటీ కోరుతూ తీర్మానం పెట్టాడు. అనారోగ్యం వల్ల కొద్ది నిమిషాలకు మించి మాట్లాడలేకపోయాడు. యుద్ధం నడుస్తుండగా విచారణ తగదని ప్రభుత్వం వాదించింది. తీర్మానం 305–148 ఓట్లతో నెగ్గింది, ప్రధాని అబర్డీన్ ప్రభుత్వం రాజీనామా చేసింది. పోరు సాగుతున్నప్పుడు ప్రశ్నిస్తే సైన్యం కుప్పకూలుతుందన్న వాదన ఆ రోజే ఓడింది. సైన్యం నిలిచింది, ప్రభుత్వమే మారింది.

ప్రశ్నించడానికీ ఒక పద్ధతి కావాలి. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1861లో ఏర్పడిన కాంగ్రెస్ సంయుక్త కమిటీ సేనానుల వ్యూహాల్లో తలదూర్చి చెడ్డపేరు తెచ్చుకుంది. ఆ చరిత్ర చదివిన సెనేటర్ హ్యారీ ట్రూమన్ 1941లో వేరే దారి పట్టారు. సైనిక శిబిరాల నిర్మాణాన్ని స్వయంగా తిరిగి చూశారు. ఎంత ఖర్చయినా ప్రభుత్వమే భరించి, పైన లాభమూ ఇచ్చే కాంట్రాక్టులు కావడంతో పొదుపు ఎవరికీ పట్టలేదు. ఆయన కమిటీకి మొదట దక్కింది 15,000 డాలర్లే. వ్యూహం జోలికి వెళ్లకుండా సరఫరాలు, ఒప్పందాలు, నాణ్యత మీదే దృష్టి పెట్టింది. ఒహాయోలోని ఒక కర్మాగారం లోపాలున్న విమాన ఇంజన్లను సైన్యానికి అంటగడుతున్న సంగతిని యుద్ధం మధ్యలోనే బయటపెట్టింది. చట్టసభల రక్షణ కమిటీలన్నీ ఈ అనుభవాన్ని పాఠంగా చదవాలని నా అభిప్రాయం.

అదే అమెరికా కాంగ్రెస్ 1964లో అడగాల్సిన ప్రశ్న అడగలేదు. వియత్నాం తీరంలోని టోంకిన్ సింధుశాఖలో తమ నౌకలపై రెండోసారి దాడి జరిగిందని ప్రభుత్వం చెప్పగానే, వియత్నాంలో బలప్రయోగానికి అధికారమిచ్చే తీర్మానాన్ని ప్రతినిధుల సభ 416–0తో, సెనేట్ 88–2తో ఆమోదించాయి. ఆ రెండో దాడి అసలు జరగలేదు. సుదీర్ఘ రక్తపాతం తర్వాత, 1973లో నిక్సన్ వీటోను తోసిరాజని యుద్ధాధికారాల తీర్మానం వచ్చింది: సేనలను పంపిన 48 గంటల్లో అధ్యక్షుడు కాంగ్రెస్‌కు తెలపాలి, అనుమతి రాకుంటే 60 రోజుల్లో ఆపాలి. తర్వాతి అధ్యక్షులు దీన్ని ఎన్నోసార్లు పక్కదారి పట్టించారు.

బ్రిటన్‌లో దాపరికం మరో రూపం తీసుకుంది. జలాంతర్గాముల నుంచి ప్రయోగించే పోలారిస్ అణు క్షిపణులను ఆధునికీకరించే షెవలైన్ పథకం రెండు పార్టీల ప్రభుత్వాల హయాంలో గుట్టుగా నడిచింది. దాని ఖర్చు 100 కోట్ల పౌండ్లని 1980 జనవరిలో రక్షణ మంత్రి చెప్పేదాకా పార్లమెంటుకు తెలియదు.

పశ్చిమ జర్మనీ మాత్రం పునాది నుంచే వేరుగా కట్టుకుంది. నాజీల కాలం నాటి అనుభవం అందుకు కారణం. 1956 రాజ్యాంగ సవరణలు పార్లమెంటు రక్షణ కమిటీకి విచారణ అధికారాలిచ్చాయి. కమిటీ సభ్యుల్లో నాలుగో వంతు మంది కోరితే చాలు, విచారణ జరపక తప్పదు. అధికార పక్షం మెజారిటీతో నోరు నొక్కకుండా ఇది అడ్డుకుంటుంది. ఏ సైనికుడైనా పై అధికారులతో నిమిత్తం లేకుండా నేరుగా పార్లమెంటు నియమించిన కమిషనర్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. సేనలను సాయుధ చర్యకు విదేశాలకు పంపాలంటే పార్లమెంటు ఆమోదం తప్పనిసరని 1994లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పునిచ్చింది.

భారత్‌లో 1962 ఓటమిపై సైన్యం జరిపిన హెండర్సన్ బ్రూక్స్ విచారణ నివేదికను సభ ముందుంచలేదు. 1963లో రక్షణ మంత్రి చవాన్ లోక్‌సభకు చదివి వినిపించింది సారాంశమే. రక్షణ శాఖను పరిశీలించే పార్లమెంటు స్థాయీసంఘం 1993లో వచ్చింది. అయినా కొన్నేళ్లు రక్షణ పద్దులు సభలో చర్చ లేకుండానే గిలెటిన్ పద్ధతిలో, అంటే గడువు ముగియగానే మిగిలిన పద్దులన్నిటినీ ఒకేసారి ఓటుకు పెట్టే పద్ధతిలో, ఆమోదం పొందాయి.

ఓటు వేసే హక్కు ఉన్నా సమాచారం తప్పయితే ఆ ఓటుకు విలువ లేదని ఇరాక్ మరోసారి రుజువు చేసింది. ఇరాక్ దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని ప్రభుత్వం చెప్పిన మాట మీద, 2003 మార్చిలో బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ కామన్స్ 412–149తో యుద్ధానికి సమ్మతించింది. ఆ ఆయుధాల నిల్వలు దొరకలేదు. ఆయుధాల ముప్పును ప్రభుత్వం ఆధారాలకు మించిన నిశ్చయంతో చెప్పిందని, ఆ యుద్ధంపై జరిగిన విచారణ తాలూకు చిల్కాట్ నివేదిక తేల్చేసరికి 2016 వచ్చింది. ఇరాక్ చేదు జ్ఞాపకంతోనే అంతకుముందు 2013లో సిరియాపై దాడి ప్రతిపాదనను సభ 285–272తో తిరస్కరించింది. దాడికి ముందు సభను అడగడం ఇక సంప్రదాయమైందని చాలామంది అనుకున్నారు. 2018 ఏప్రిల్‌లో, సభకు సెలవులున్న సమయంలో, థెరెసా మే ప్రభుత్వం సిరియాపై క్షిపణులు ప్రయోగించింది. సభ్యులకు ప్రశ్నలడిగే అవకాశం దాడి జరిగిన రెండు రోజులకు వచ్చింది.