పావలా పోయింది, పావలా వడ్డీ మిగిలింది

కిరాణా కొట్లో ఒక అర్ధరూపాయి బిళ్ళ ఇచ్చి చూడండి. కొట్టాయన దాన్నీ మిమ్మల్నీ మార్చి మార్చి చూస్తాడు. చట్టం మాటకొస్తే అది ఇప్పటికీ చెల్లే నాణెమే. 2011 నాణేల చట్టం ప్రకారం పది రూపాయల దాకా, అంటే ఇరవై బిళ్ళల వరకు, యాభై పైసల్లోనే చెల్లించవచ్చు. కానీ రేపు తన దగ్గర ఎవరూ పుచ్చుకోరని తెలిసినవాడు ఈరోజు మన దగ్గర ఎందుకు పుచ్చుకుంటాడు? చిల్లర సంగతిలో ముందు బజారు చంపుతుంది, సర్కారు తర్వాత తీరిగ్గా మరణ ధ్రువపత్రం రాస్తుంది.

పావలాకు జరిగిందీ అదే. 25 పైసలు, అంతకంటే తక్కువ విలువున్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లవని కేంద్రం 2010 డిసెంబరులో ప్రకటించింది. బ్యాంకుల్లో మార్చుకోవడానికి గడువు కూడా ఇచ్చింది. అప్పటికే చాలా ఊళ్ళలో బిచ్చగాళ్ళు సైతం పావలా వేస్తే తిరిగి ఇచ్చేస్తున్నారు.

నూరు పైసల రూపాయికి ముందున్న లెక్క వేరు. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కానులు, కానీకి మూడు దమ్మిడీలు. రెండో ప్రపంచ యుద్ధంలో రాగికి కరువొచ్చి, 1943లో కానీ బిళ్ళకు నడుమ పెద్ద చిల్లు పెట్టి ముద్రించారు. ఆ చిల్లే దానికి కొత్త ఉద్యోగాలు తెచ్చిపెట్టింది. మరకు వాషరు కావాల్సినవాడు కొట్టుకెళ్ళి కొనడం మానేసి కానీనే బిగించేవాడని పెద్దవాళ్ళు చెబుతారు. పసిపిల్లల మొలతాడుకు గుచ్చి కట్టిన ఇళ్ళూ ఉన్నాయి.

1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చింది. రూపాయికి నూరు ‘నయా పైసలు’ అయ్యాయి. పాత పైసతో, అంటే కానీతో, తికమక పడకుండా పెట్టిన ఆ ‘నయా’ను 1964లో తీసేశారు. నాణెం పడిపోవడం కంటికి కనిపించేది ఆ తర్వాతి ఏళ్ళలోనే. మొదటి నయా పైస కంచుది. 1960ల నడుమకొచ్చేసరికి పైస అల్యూమినియంలోకి దిగింది. ముప్పాతిక గ్రాము బరువు, గట్టిగా ఊదితే ఎగిరిపోయేలా ఉండేది. ఆరు మూలల మూడు పైసలు, అలల అంచు పది పైసలు కూడా ఆ కుటుంబంలోవే. ధరలు పెరిగినప్పుడల్లా నాణెం లోహం మార్చుకుంటూ పోయింది. 1988లో పది, పాతిక, యాభై పైసలు స్టెయిన్‌లెస్ స్టీలుకు వచ్చి చేరాయి.

ఇన్నిసార్లు లోహం మార్చడానికి కారణం ఒకటే. నాణెంలోని లోహం ధర దాని మీద అచ్చేసిన అంకెను దాటిందంటే అది కొలిమి దారి పడుతుంది. ఆ భయంతోనే 1971లో చిన్న నాణేల నేరాల మీద ప్రత్యేకంగా చట్టం చేశారు. కరిగించడమే కాదు, అవసరానికి మించి పోగేసుకోవడం కూడా అందులో నేరం. 2011 చట్టం దాని స్థానంలోకి వచ్చింది. ఇప్పుడు నాణెం కరిగిస్తే ఏడేళ్ళ దాకా జైలు.

అయినా ఆగిందా? 2007లో కోల్‌కతా బజార్లలో చిల్లర మాయమైంది. మన నాణేలు దొంగచాటుగా బంగ్లాదేశ్ చేరి గడ్డం బ్లేడ్లుగా మారుతున్నాయని అప్పట్లో వార్తలొచ్చాయి. అస్సాంలో కొన్ని టీ తోటలు చిల్లర దొరక్క కూలీలకు అట్టముక్కల చీటీలు ఇచ్చాయి.

సర్కారుకూ ఇది గిట్టే వ్యవహారం కాదు. రూపాయి బిళ్ళ ఒక్కటి తయారు చేయడానికి రూపాయి పదకొండు పైసలు అవుతోందని 2018లో సమాచార హక్కు కింద అడిగితే బయటపడింది. పావలా కోడికి ముప్పావలా మసాలా అని ఊరికే అన్నారా! (బిళ్ళ మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే ఆ మసాలా మన హైదరాబాద్ టంకశాలది.)

చిల్లర లేని చోట జనం చిల్లరను పుట్టించుకున్నారు. కొట్లలో రూపాయికి బదులు చాక్లెట్టు వచ్చింది. ఆర్టీసీ కండక్టర్లు టికెట్టు వెనక బాకీ రాసిచ్చేవారు. దిగే హడావిడిలో దాన్ని మరిచిపోయి ఇంటికొచ్చి నాలుక కరుచుకోని తెలుగువాడు ఉండడు. 2022లో తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు చార్జీలను సర్దింది: పన్నెండును పదికి దించి, పదమూడు, పద్నాలుగును పదిహేనుకు ఎక్కించింది. ఫోనుతో చెల్లించడం అలవాటయ్యాక ఆ కాస్త పేచీ కూడా తగ్గింది.

బజారు వదిలేసిన బిళ్ళను దేవుడి గది పట్టుకుంది. 1968 నుంచి 1971 దాకా వచ్చిన, తామరపువ్వు ఉన్న పసుపుపచ్చ ఇరవై పైసల బిళ్ళలను మన ఇళ్ళలో దాచిపెట్టి, నూటెనిమిది పోగుచేసి లక్ష్మీ పూజకు వాడుతున్నారు. ఇరవై పైసలకు ఆ బిళ్ళ ఇప్పుడు దొరకదు. రూపాయికీ అలాంటి కొలువే దొరికింది. నూటపదహార్ల చదివింపుల కవరు మీద ముందే అంటించి అమ్ముతారు దాన్ని. శవయాత్రలో పేలాలతో కలిపి చల్లేదీ ఆ చిల్లరే.

మాటల్లో మాత్రం పాత నాణేలన్నీ చెల్లుతున్నాయి. నెలకు నూటికి పావలా అంటే ఏడాదికి మూడు శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో డ్వాక్రా సంఘాలకు ‘పావలా వడ్డీ’ పథకం పెట్టినప్పుడు ఆ లెక్క ఎవరికీ విప్పి చెప్పాల్సిన పని లేకపోయింది. అణా పోయి అరవై ఏళ్ళు దాటినా మనం ఇంకా పదహారణాల తెలుగువాళ్ళమే.

రైలు గోదావరి వంతెన ఎక్కగానే కిటికీలోంచి బిళ్ళ విసిరి దణ్ణం పెట్టుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. రేవుల్లో పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి నీళ్ళలో లాగుతుంటారు. దానికి అంటుకుని వచ్చేవి ఎక్కువగా ఉక్కు బిళ్ళలే. రాగీ అల్యూమినియమూ అయస్కాంతానికి అంటవు కాబట్టి, తాతల నాటి చిల్లు కానులు, ఆరు మూలల మూడు పైసలు ఆ ఇసుకలోనే ఉండి ఉంటాయి.