గొట్టాల్లోకి ఇంకిన కార్చిచ్చు

కార్చిచ్చులో ఇల్లు కాలనివారు కూడా ఊరు విడిచి ఎందుకు వెళ్తారని ఒక పాఠకురాలు అడిగారు. కాలిఫోర్నియాలోని పారడైజ్ పట్టణం దీనికి నేరుగా జవాబు చెబుతుంది. 2018 నవంబరు 8న, పాత విద్యుత్ టవరుపై అరిగిపోయిన కొక్కెం తెగి మొదలైన మంట 85 మందిని బలిగొని, 18,000కు పైగా కట్టడాలను బూడిద చేసింది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం భూమిలో పాతిన నీటి గొట్టాలకు పట్టిన గతి.

కాలిన ఇళ్ల గొట్టాలు కరిగి, తెగి నీరు వృథాగా పోయింది. అగ్నిమాపక దళాలూ తోడుకోవడంతో సరఫరాలో పీడనం పడిపోయింది. పీడనం ఉన్నంతసేపు బయటి మలినం గొట్టంలోకి చొరబడలేదు. అది పోయాక ఎత్తు ప్రదేశాల్లోని నీరు పల్లానికి జారి, వెనుక ఏర్పడిన శూన్యం తెగిన కొసల గుండా పొగను, విషవాయువులను లోపలికి పీల్చుకుంటుంది. వేడికి విచ్ఛిన్నమైన ప్లాస్టిక్ గొట్టాల నుంచి కూడా బెంజీన్ పుడుతుంది. రక్త క్యాన్సర్‌కు దారితీసే ఈ పదార్థం తాగునీటిలో లీటరుకు 1 మైక్రోగ్రాము మించరాదన్నది కాలిఫోర్నియా నియమం. పారడైజ్ నమూనాల్లో అది 2,000 దాటిన సందర్భం ఉంది.

మంచినీటిని ధారాళంగా పారించి కడిగితే సరిపోదా అంటే, సరిపోదు. ధ్రువత్వం లేని, అంటే విద్యుదావేశం ఒక కొసకు మొగ్గని బెంజీన్ అణువులకు నీటితో కంటే గొట్టాలకు వాడే పాలిఎథిలీన్ అనే ప్లాస్టిక్‌తోనే పొత్తు ఎక్కువ కనుక అవి గొట్టపు గోడలోకే ఇంకిపోయి, తర్వాత వచ్చే శుభ్రమైన నీటిలోకి నెమ్మదిగా దిగుతాయి. ఇంగువ కట్టిన గుడ్డను జాడించిన వెంటనే వాసన తగ్గినట్టే ఉంటుంది, మడిచి పెట్టిన మర్నాడు మళ్లీ గుప్పుమంటుంది. అందుకే అక్కడ నీటిని 72 గంటలు గొట్టంలో కదలకుండా ఉంచి, ఆ తర్వాతే నమూనా తీశారు. పారుతున్న నీటిని పరీక్షించడం అప్పుడే జాడించిన గుడ్డను వాసన చూడటమే అవుతుంది.

నీళ్లు మరిగిస్తే ఏ దోషమైనా పోతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. సూక్ష్మజీవుల వరకు అది నిజమే. బెంజీన్ ఉన్న నీటిని మరిగిస్తే ఆ విషం ఆవిరై వంటగది గాలిలో కలుస్తుంది, వండేవారే దాన్ని పీలుస్తారు. బడిలో నీటి శుద్ధి పాఠం చెప్పేటప్పుడు ఈ తేడాను తప్పక చెప్పాలి.

ఇక డబ్బు సంగతి. కుళాయి నీరు తాగరాదన్న ఊరిలో హోటలు నడపడం, ఇల్లు అద్దెకివ్వడం కష్టం. నీటి సంస్థకు బిల్లులే ఆదాయం. మరమ్మతుకు సొమ్ము అత్యవసరమైన వేళ బిల్లు కట్టే ఇళ్లే లేవు, నీరు లేనిచోట కొత్త ఇళ్లు లేవవు. మెర్సెడ్ అనే చిన్న బీమా కంపెనీ క్లెయిములు చెల్లించలేక మూతపడింది. 2010 జనాభా లెక్కల్లో 26,000 దాటిన పట్టణంలో 2020 నాటికి 5,000 మంది కూడా లేరు. వీరిలో ఇల్లు కాలకుండా మిగిలినవారికి మరో భారం ఉంది: వీధి గొట్టాన్ని నీటి సంస్థ బాగుచేసినా, ఇంటి లోపలి గొట్టాలను పరీక్ష చేయించడం, అవసరమైతే మార్పించడం ఇంటి యజమాని బాధ్యతే.