ఇంట్లో తొలి వంటసామాన్ల పార్టీ: అపోహలు, వాస్తవాలు

అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య "శనివారం మా ఇంట్లో ట్రైప్లై (మూడు పొరల స్టీలు) సామాన్ల డెమో, అందరూ రండి" అన్న మెసేజ్ మామూలైపోయింది. నేను హైదరాబాద్‌లో ఇలాగే ఇళ్లలో పార్టీ పెట్టి, వండి చూపించి వంటసామాన్లు అమ్ముతాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే: "అక్కా, అక్కడ ఏం మాట్లాడాలి?" స్టవ్ సంగతి, ప్లగ్ సంగతి, ఆర్డరు పుస్తకం సంగతి అడిగేవాళ్లు తక్కువ. తొలి పార్టీ తేడా కొట్టేది మాత్రం ఎక్కువగా వీటి దగ్గరే.

అపోహ: మాటకారి అయితేనే అమ్మగలం

ఇళ్లలో పార్టీలు పెట్టి అమ్మే పద్ధతికి పేరు తెచ్చింది ప్లాస్టిక్ డబ్బాల కంపెనీ టప్పర్‌వేర్. 1940ల చివర్లో అమెరికా దుకాణాల్లో ఆ డబ్బాలు సరిగా అమ్ముడుపోలేదు. లోపలి గాలి కాస్త బయటికి పోయేలా మూత నొక్కాలన్న సంగతి కొనేవాళ్లకు తెలియకపోవడం అందుకు ఒక కారణం. ఆ డబ్బాలు అమ్మే బ్రౌనీ వైజ్ అనే ఆవిడ పార్టీల్లో గిన్నె నిండా ద్రవం పోసి, మూత బిగించి, గదిలో ఇటునుంచి అటు విసిరి చూపించేది. చుక్క కారేది కాదు. 1951లో కంపెనీ దుకాణాల్లో అమ్మకం ఆపేసి పూర్తిగా పార్టీలకు మళ్లింది. మన దేశానికి 1996లో వచ్చింది.

ఆవిడ గిన్నె విసిరినట్టు మీరు ఒక బంగాళదుంప వేపుడు చేసి చూపించండి. స్టీలు మూకుడులో అడుగంటుతుందన్నది వచ్చినవాళ్లందరి అనుమానం. అంటుకునే కూరతోనే ఆ అనుమానం తీర్చాలి. ముక్కలు ఇంట్లోనే తరిగి, రెండుసార్లు కడిగి, గుడ్డతో పూర్తిగా తుడిచి తీసుకెళ్లండి. పైన పిండి, తడి ఉంటే ఏ స్టీలైనా పట్టేస్తుంది. ఖాళీ మూకుడు మధ్యస్థం మంట మీద పెట్టి నీటి చుక్క వేయండి. చుయ్‌మని ఆవిరైపోతే ఇంకా వేడెక్కలేదని. చుక్క పగలకుండా పాదరసంలా అటూ ఇటూ పరిగెడితే వేడెక్కిందని. అప్పుడు మంట తగ్గించి, నూనె పోసి, ముక్కలు వేసి, రెండు నిమిషాలు గరిటె పెట్టకుండా వదిలేయండి. అందరికీ చెయ్యి ఆగదు, కదిపేస్తారు. ఆగితే ముక్క దానంతట అదే వదులుతుంది. ఆ చుక్క పరిగెత్తడం చూడగానే వెనక కూర్చున్నవాళ్లు లేచి ముందుకొస్తారు. ఇక మీరు పెద్దగా మాట్లాడక్కర్లేదు.

దీనికి ముందు రోజు చేసుకోవాల్సిన పని ఉంది. ఆ ఇంటికి ఒకసారి వెళ్లి ప్లగ్గులు చూడండి. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది. హాల్లో టీవీ పక్కనుండే చిన్న సాకెట్ 6 ఆంప్స్‌ది. దానికి ఎక్స్‌టెన్షన్ బాక్స్ తగిలించి డెమో మొదలుపెడితే సగంలో కరెంటు పోవడమో, ప్లాస్టిక్ కాలిన వాసన రావడమో ఖాయం. పెద్ద పిన్నుల పవర్ ప్లగ్ వంటింట్లో ఉంటే డెమో అక్కడే పెట్టండి, లేదంటే వాళ్ల గ్యాస్ పొయ్యి వాడుకోండి. వెల్లుల్లి, ఉల్లి, గుడ్డు వండొచ్చా అని కూడా ముందే అడగాలి. కార్తీకమాసంలో వాళ్ల వంటింట్లో మీరు గుడ్డు పగలగొడితే ఆ పార్టీ అక్కడితో సరి.

అపోహ: అయస్కాంతం అంటుకుంటే నాసిరకం స్టీలు

ఇది కొనేవాళ్ల అపోహ. దీనికి జవాబు మీ దగ్గర ఉండాలి, ఎందుకంటే ఫ్రిజ్ మీద బొమ్మ అయస్కాంతం పీకి గిన్నెకు పెట్టి చూసే పిన్నిగారు ఒకరైనా ఉంటారు. ట్రైప్లైలో లోపలి పొర వంటకు పనికొచ్చే 304 గ్రేడు స్టీలు, మధ్యలో అల్యూమినియం, బయట అయస్కాంతానికి అంటుకునే రకం స్టీలు. బయటి పొర అలా ఉంటేనే ఇండక్షన్ మీద గిన్నె వేడెక్కుతుంది. కాబట్టి అంటుకోవడమే మంచిది. ఇంకో సంగతి: చవక రకమైన 202 స్టీలుకూ అయస్కాంతం సాధారణంగా అంటుకోదు. అంటే ఈ పరీక్షతో 304, 202 తేడా తేలనే తేలదు. గ్రేడు ఎంత, ఐఎస్‌ఐ గుర్తు ఉందా అన్నవి చూడమనండి. స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. ప్రెషర్ కుక్కర్లకు 2021 నుంచే ఉంది. బేగం బజారులో హోల్‌సేల్‌గా కొని తెచ్చి సొంతంగా అమ్మేవాళ్లు ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. అడిగితే జవాబు చెప్పడానికి మీ వెనక కంపెనీ ఉండదు.

అపోహ: భయపెడితే కొంటారు

"నాన్‌స్టిక్‌లో వండితే క్యాన్సర్, అల్యూమినియంలో వండితే మతిమరుపు" అంటూ డెమో మొదలుపెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వచ్చినవాళ్లలో సగం మంది పొద్దున అదే నాన్‌స్టిక్ పెనం మీద అట్లు పోసి వచ్చినవాళ్లే. వాళ్ల వంటనే తప్పుపట్టి వాళ్లకే సరుకు అమ్ముతామా? నాన్‌స్టిక్ పూత 260 డిగ్రీలు దాటాక పాడవడం మొదలవుతుంది, అందుకే ఖాళీ పెనం పెద్ద మంట మీద వదిలేయకూడదు. అల్యూమినియం గిన్నెలో చింతపండు పులుసు కాచి అందులోనే నిలవ ఉంచకూడదు. నిజమైన జాగ్రత్తలు ఈపాటివే, చెప్పాల్సింది కూడా ఇంతే.

మీ సరుకు లోపాలు మీరే ముందు చెప్పేయండి. స్టీలు పెనం మీద దోసె రావడం కష్టం, దానికి ఇనప పెనమే మేలు. ప్లాస్టిక్ డబ్బాకు సాంబారు పసుపు పడుతుంది. కడిగి ఎండలో పెడితే చాలావరకు పోతుంది. అడుగున 5 అంకె ఉన్న డబ్బా మైక్రోవేవ్‌కు మామూలుగా పనికొస్తుంది, కానీ నూనె తేలే కూర వేడిచేస్తే లోపల గరుకు పడుతుంది, ఎందుకంటే నూనె నీళ్లకంటే బాగా వేడెక్కుతుంది.

అపోహ: జనం ఎక్కువైతే అమ్మకం ఎక్కువ

పొయ్యి చుట్టూ నిలబడి చూడగలిగేది ఏడెనిమిది మంది. మిగతావాళ్లు సోఫాలో కూర్చుని చీరల గురించి మాట్లాడుకుంటారు.

అపోహ: స్టాకంతా ముందే కొనిపెట్టుకోవాలి

డెమోకు కావాల్సినవి ఒక మూకుడు, ఒక గిన్నె, ఒక పెనం, రెండు మూడు డబ్బాలు. మిగతాది కేటలాగులో చూపిస్తే చాలు. కంపెనీ తరఫున చేరేవాళ్లు 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ (దుకాణం లేకుండా నేరుగా అమ్మడం) నిబంధనలు తెలుసుకోవాలి. చేరడానికి ఎంట్రీ ఫీజు, రిజిస్ట్రేషన్ ఫీజు వసూలు చేయకూడదు. డెమో సామాన్లు కొని తీరాలని పట్టుబట్టకూడదు. కేవలం మనుషుల్ని చేర్పించినందుకు డబ్బులిచ్చే పిరమిడ్ స్కీములు నిషేధం. "నువ్వు ముందు సెట్టు కొను, నీ కింద మరో నలుగురిని చేర్చు" అని ఎవరైనా అంటే అది గిన్నెల వ్యాపారం కాదు, అక్కడినుంచి లేచి రండి.

మీ మీద కూడా బాధ్యతలున్నాయి. అవతలివాళ్ల అనుమతి లేకుండా, గుర్తింపు కార్డు లేకుండా ఇంటికి వెళ్లకూడదు. ధర, వారంటీ, వాపసు పద్ధతి ముందే చెప్పాలి. కంపెనీ చెప్పని గొప్పలు మీరు చెప్పకూడదు. "జీవితకాలం గ్యారంటీ" అనే ముందు కార్డు వెనక చిన్న అక్షరాలు చదవండి. మరకలు, గీతలు, మాడ్చేసుకోవడం మామూలుగా అందులోకి రావు.

అపోహ: చుట్టాలు, ఫ్రెండ్స్ ఎలాగూ కొంటారు

మొహమాటానికి ఆర్డరిస్తారు. డబ్బు అడిగే రోజుకి ఫోన్ ఎత్తరు. తర్వాత పెళ్లిళ్లలో మీ కంట పడకుండా తిరుగుతారు. పిన్ని కూతురి చేత బలవంతంగా కొనిపించిన మూకుడుకన్నా, ఎదురింటావిడ కావాలని కొన్న చిన్న డబ్బా మేలు. ఆవిడ ఇంకో నలుగురికి చెబుతుంది.

అడగాల్సింది "ఏం తీసుకుంటారు?" అని కాదు. "ఇప్పుడున్న గిన్నెల్లో మిమ్మల్ని ఏది విసిగిస్తోంది?" అని అడగండి. పాల గిన్నె అడుగంటుతోందని ఒకరు, మాగాయ నూనె బ్యాగంతా కారుతోందని ఒకరు చెబుతారు. అప్పుడు ఏం చూపించాలో మీకే తెలుస్తుంది. లీటర్ల లెక్క చెబితే ఎవరికీ ఎక్కదు. "ఇందులో రెండు గ్లాసుల బియ్యం వండొచ్చు" అనండి. అందుకే ప్రతి గిన్నెలోనూ ముందే ఇంట్లో వండి చూసుకోవాలి.

అపోహ: ఏ రోజైనా ఒకటే

ఎంత మాత్రం కాదు. శుక్రవారం పార్టీ పెడితే చూస్తారు, మెచ్చుకుంటారు, "శుక్రవారం పూట డబ్బులివ్వనమ్మా, రేపు ఫోన్‌పే చేస్తా" అంటారు. ఆ రేపు ఎప్పుడొస్తుందో చెప్పలేం. నెల మొదటి వారం మంచిది. వేళ మధ్యాహ్నం మూడింటికైతే పిల్లలు స్కూలు నుంచి వచ్చేలోపు ముగించవచ్చు. పెద్ద ఆర్డర్లు కావాలంటే పెళ్లి సారె, గృహప్రవేశం రిటర్న్ గిఫ్టులు, ధనత్రయోదశి చూసుకోవాలి. పేర్లు కొట్టించాలంటారు కాబట్టి రెండు మూడు వారాల ముందే ఆర్డరు తీసుకోండి.

ఇల్లిచ్చిన ఆవిడ చేత టిఫిన్లు చేయించకండి. ఆవిడకిచ్చే కానుక ఏమిటో ముందే చెప్పండి, వచ్చినవాళ్లకూ దాచకండి.

అపోహ: వాట్సాప్‌లో పేరు పెడితే ఆర్డరు వచ్చినట్టే

అడ్వాన్సు చేతిలో పడ్డాకే అది ఆర్డరు. పేరు, ఫ్లాట్ నంబరు, వస్తువు, సైజు, ఇచ్చింది ఎంత, ఇవ్వాల్సింది ఎంత అన్నీ పుస్తకంలో రాసి అదే పేజీ ఫోటో వాళ్లకు పంపండి. ఎమ్మార్పీ కన్నా పైసా ఎక్కువ తీసుకోవద్దు, బిల్లు తప్పకుండా ఇవ్వండి. సరుకు అందించేటప్పుడు పెట్టె వాచ్‌మన్ దగ్గర పెట్టి రావద్దు. వాళ్ల ముందే విప్పి, మూత సరిగా కూర్చుందా, పిడి రివెట్లు గట్టిగా ఉన్నాయా చూపించండి. కొత్త స్టీలుకు పాలిష్ నలుపు ఉంటుంది, నూనె గుడ్డతో తుడిచాక సబ్బుతో కడగమనండి. వారం లోపు ఒకసారి ఫోన్ చేయండి. "అంటుకుంటోందండీ" అంటే నీటి చుక్క సంగతి మళ్లీ చెప్పండి. వీలైతే వెళ్లి వాళ్ల పొయ్యి మీదే చేసి చూపించండి.