గేరు కిర్రుమంటే బాక్సే దించాలా? పాత పికప్పులపై అపోహలు - వాస్తవాలు

పదేళ్లు దాటిన బొలెరో పికప్పులు, టాటా 207లు నల్లగొండ బత్తాయి మార్కెట్ దగ్గరా, మిర్యాలగూడ రైసుమిల్లుల ముందూ ఇంకా లోడు మోస్తూనే ఉన్నాయి. ఈ బండ్లకు గేరో బ్రేకో సతాయించిందంటే పరీక్ష చేయకుండానే సామాను విప్పేస్తారు. చప్పుడు వచ్చే చోటే తప్పు ఉంటుందని నమ్మకండి.

అపోహ: రివర్స్ వేస్తే కిర్రుమంటోంది, గేర్‌బాక్సు పోయింది.

వాస్తవం: ఎక్కువసార్లు తప్పు క్లచ్‌ది. పాత బాక్సుల్లో చాలావాటికి రివర్స్‌కు సింక్రో రింగు (గేరు పడే ముందు వేగాలను సమం చేసే ఇత్తడి రింగు) ఉండదు. క్లచ్ తొక్కినా లోపలి షాఫ్టు ఇంకా తిరుగుతుంటే పళ్లు కొట్టుకుంటాయి. బండిని సాఫు నేల మీద నిలిపి, చక్రాలకు రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. ఇంజిన్ బంద్ చేసి అన్ని గేర్లూ వేసి చూడండి. సాఫీగా పడితే లివర్, లింకేజీ బాగున్నట్టే. తర్వాత స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కిపట్టి, ఐదారు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. చప్పుడు లేకుండా పడితే ఇన్నాళ్లూ తొందరపడి వేశారన్నమాట. అప్పటికీ కిర్రుమంటే క్లచ్ విడవడం లేదు. పెడల్‌ను గబగబా మూడుసార్లు కొట్టి మళ్లీ వేయండి. ఈసారి మెత్తగా పడిందా, క్లచ్ లైన్లో గాలి ఉంది, లేదా మాస్టర్ (పెడల్ దగ్గరిది), స్లేవ్ (గేర్‌బాక్సు దగ్గరిది) సిలిండర్ల రబ్బరు కిట్టు అరిగింది. స్లేవ్ సిలిండర్ రబ్బరు బూటును వేలితో లేపండి. లోపల తడి కనిపిస్తే దొంగ దొరికినట్టే. రన్నింగ్‌లో రెండుకో మూడుకో మార్చినప్పుడు మాత్రమే కిర్రుమని, రివర్స్ సాఫీగా పడుతుంటే అప్పుడు సింక్రో రింగుల మీద అనుమానం పెట్టుకోవాలి.

అపోహ: న్యూట్రల్‌లో గుయ్‌మంటే రిలీజ్ బేరింగే.

వాస్తవం: క్లచ్ తొక్కగానే చప్పుడు మొదలైతే రిలీజ్ బేరింగు, అంటే క్లచ్‌ను విడదీసే బేరింగు. తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్సు లోపలి బేరింగు. రెండు సెకన్ల పరీక్ష ఇది.

అపోహ: గేరాయిల్ ఏదైనా ఒకటే.

వాస్తవం: డబ్బా మీద 90 అని చూసి పోసేస్తారు. చిక్కదనం చెప్పే ఆ గ్రేడు ఒక్కటే చాలదు, ఆయిల్ రకం జీఎల్-4నా జీఎల్-5నా అన్నదీ చూడాలి. జీఎల్-4 అడిగిన బాక్సులో జీఎల్-5 పోస్తే అందులోని గంధకం కలిసిన మందు ఇత్తడి సింక్రో రింగులను తినే ప్రమాదం ఉంది. మాన్యువల్లో ఏది రాస్తే అదే పోయండి. పాత ఆయిల్ దించినప్పుడు డ్రెయిన్ బోల్టు మాగ్నెట్‌ను వేలితో తుడిచి చూడండి: బూడిదరంగు ముద్ద మామూలే, ఇనుప పెచ్చులు కావు. ఆయిల్లో పసుపు తళుకులుంటే రింగులు అరుగుతున్నట్టు.

అపోహ: బ్రేకు తగ్గితే ఎయిర్ తీస్తే చాలు.

వాస్తవం: పెడల్ ఎలా ఉందో ముందు చెప్పుకోవాలి. స్పంజిలా ఉంటే గాలి. కాలు అదిమి ఉంచితే మెల్లగా కిందికి దిగిపోతూ, బయట ఎక్కడా లీకు లేకపోతే మాస్టర్ సిలిండర్. రాయిలా గట్టిపడితే వాక్యూమ్ అందడం లేదు. డీజిల్ బండిలో బూస్టర్‌కు (కాలి బలాన్ని పెంచే డబ్బాకు) వాక్యూమ్ ఇచ్చే పంపు చాలావాటికి ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. ఇంజిన్ ఆపి ఐదుసార్లు తొక్కి, పెడల్ మీద కాలు ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త దిగాలి. దిగకపోతే పైపు, వన్‌వే వాల్వు, పంపు, చివరికి బూస్టర్, ఈ వరుసలో చూడండి.

వెనక డ్రమ్ములో ఆయిల్ కనిపిస్తే అది ఏ ఆయిలో తేల్చండి. చిక్కగా, గంధకం వాసన కొడితే అది గేరాయిల్, వెనక యాక్సిల్ హౌసింగ్ నుంచి యాక్సిల్ సీలు దాటి వచ్చింది. పలచగా ఉంటే బ్రేకాయిల్, వీల్ సిలిండర్ లీకు. సీలు ఒక్కటే మార్చి బిగిస్తే నెలలో మళ్లీ కారొచ్చు: హౌసింగ్ మీది బ్రీదర్ (గాలి బయటికి పోయే దారి) మట్టితో మూసుకుపోతే లోపలి వేడిగాలి ఆయిల్‌ను సీలు మీదికి నెడుతుంది. ముందు అది శుభ్రం చేయాలి. ఆయిల్ తాగిన లైనర్లను (డ్రమ్ముకు రాసుకునే బ్రేకు పట్టీలను) పెట్రోల్‌తో కడిగితే లాభం లేదు. రెండు పక్కలా కొత్తవి వేయాల్సిందే.

అపోహ: అదనంగా కమాన్లు (స్ప్రింగు పట్టీలు) వేస్తే బండికి బలం.

వాస్తవం: ఈ పొరపాటు మా దగ్గర చాలా ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువే. చాలా పికప్పుల్లో ఛాసిస్‌కూ వెనక యాక్సిల్‌కూ మధ్య ఒక సన్న రాడ్డు, దానికో వాల్వు ఉంటాయి. లోడుకు ఛాసిస్ దిగినప్పుడు ఆ రాడ్డు వాల్వును కదిలించి వెనక బ్రేకుకు ప్రెషర్ పెంచుతుంది. కమాన్లు పెంచితే ఛాసిస్ దిగదు. నిండు లోడు మీదున్న బండిని వాల్వు ఖాళీ బండి అనుకుంటుంది. వెనక బ్రేకు అందదు, భారమంతా ముందు ప్యాడ్ల మీద పడుతుంది. ఆ రాడ్డును తీగతో పైకి కట్టేసిన బండ్లూ ఉంటాయి. అలాంటిది ఖాళీగా వానలో బ్రేకు వేస్తే వెనక చక్రాలు లాకై బండి అడ్డం తిరుగుతుంది.

అపోహ: ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే డీజిల్ మిగులుతుంది.

వాస్తవం: గేర్లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే పంపు డీజిల్‌ను దాదాపు ఆపేస్తుంది, న్యూట్రల్‌లోనే ఐడిలింగ్‌కు కాలుతుంది. దోమలపెంట మీదుగా శ్రీశైలం దిక్కు దిగేటప్పుడు రెండో మూడో గేరులో ఇంజిన్‌తోనే ఆపుకుంటూ రావాలి. బ్రేకాయిల్ నీటిని పీల్చుకుంటుంది. కొత్త డాట్-3 రకం బ్రేకాయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, నీరు పట్టాక 140 దగ్గరే మరగొచ్చు. మరిగితే లైన్లో ఆవిరి చేరి పెడల్ నేలకు తాకుతుంది. అందుకే రెండేళ్లకోసారి మొత్తం మార్చాలి. కింద ఆగినప్పుడు పొగలు కక్కే డ్రమ్ముల మీద నీళ్లు పోయకండి, పగుళ్లిస్తాయి. గేరులో ఉంచి, చక్రానికి రాయి పెట్టి, వాటంతట అవే చల్లారనివ్వండి.